అర పాయింటు: ఒంగోలులో ఒక ఇటాలియన్ గేమ్

ఒక ఎపిసోడ్ చివర్లో ఒక మాట అన్నాను, గుర్తుందా? ఒంగోలు టోర్నమెంట్‌లో ఆడాను, ఆ గేమ్ గురించి ఒకసారి కూర్చుని చెప్తాను అని. ఆ తర్వాత రెండు ఎపిసోడ్లు వేరే టాపిక్‌లతో నడిపించేశా. టైమ్ దొరక్క కాదండీ. చెప్పాలంటే ఇబ్బందిగా ఉండి. ఇవాళ చెప్పేస్తా. చదరంగం రానివాళ్ళు కూడా ఉండండి, ఎత్తులు అర్థం కాకపోయినా పర్లేదు. నేను తేలిగ్గానే చెప్తాను.

ముందు నా సంగతి. నేను ఒంగోలులో మంగమూరు డొంక దగ్గర రూమ్ తీసుకుని బ్యాంక్ పరీక్షలకి చదువుతున్నా. మాది ఇంకొల్లు వైపు. ఇంటి దగ్గర మిరప, కొంచెం పొగాకు. చదరంగం మా తాతయ్య నేర్పాడు, అరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి. ఆయన ఆడేది పాత నాటు ఆట. అందులో బంటు మొదటి ఎత్తులో రెండు గళ్ళు వెళ్ళదు. కోట కట్టడం లేదు, దానికి బదులు రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలాగా దూకొచ్చు. నేను స్కూల్లో వేరే రూల్స్ నేర్చుకుని వచ్చి ఆయనతో గొడవపడేవాణ్ణి. ఒక్క విషయంలో మాత్రం రెండు ఆటలకీ తేడా లేదు. పావు ముట్టుకుంటే దాన్నే ఆడాలి. తాతయ్య ఆ విషయంలో ఎంత కఠినం అంటే, నేను ఏనుగు మీద చెయ్యి పెట్టి ఆలోచిస్తే, "పట్టుకున్నావుగా, ఇంక ఆలోచించేది ఎక్కడికి పోవాలనే" అనేవాడు.

తర్వాత ఫోన్ వచ్చింది. ఇంక మీకు చెప్పక్కర్లేదు. మూడు నిమిషాల గేములు, ఐదు నిమిషాల గేములు, బస్సులో, మెస్ దగ్గర క్యూలో, రాత్రి లైట్ ఆర్పేశాక దుప్పట్లో. కొన్ని వేల గేములు ఆడుంటా. ఫోన్‌లో ఒక సుఖం ఉంది: పావుని ముట్టుకుని, కాసేపు గాల్లో పట్టుకుని, మళ్ళీ అక్కడే వదిలేయొచ్చు. ఎవరూ ఏమీ అనరు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

మా రూమ్మేట్ ఒకరోజు వాట్సాప్‌లో ఒక పోస్టర్ పంపించాడు. ఒంగోలులోనే, శని ఆదివారాలు, ఐదు రౌండ్లు, ఒక్కొక్కరికి గంట టైమ్, ప్రతి ఎత్తుకీ 30 సెకన్లు అదనం. అసలైన బోర్డు, అసలైన గడియారం, ఫిడే రేటింగ్ గేములు. "నువ్వు రాత్రంతా దుప్పట్లో ఆడే ఆటే కదరా, వెళ్ళి మనుషులతో ఆడు" అన్నాడు. ఎంట్రీ ఫీజు కట్టేశా.

కళ్యాణమండపం అది. ముందు వారం పెళ్ళి జరిగినట్టుంది, స్టేజీ మీద పూల ఫ్రేమ్ ఇంకా అట్లాగే ఉంది. కింద వరసగా బల్లలు, తెల్ల గుడ్డలు, మీద ఆకుపచ్చ రోల్-అప్ బోర్డులు. నేను ఊహించుకున్నది ఏందంటే, గడ్డాలు పెంచుకున్న సీరియస్ మనుషులు ఉంటారని. వెళ్ళి చూస్తే సగం హాలు పిల్లలే! ఏడేళ్ళు, ఎనిమిదేళ్ళు. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి అందవు. కొంతమంది మోకాళ్ళ మీద కూర్చుని ఆడుతున్నారు. బయట వరండాలో అమ్మానాన్నలు, టిఫిన్ బాక్సులు, నీళ్ళ క్యాన్లు. లోపలికి పేరెంట్స్‌ని రానివ్వరు, అందుకని కిటికీల దగ్గర నిలబడి పిల్లల వీపులు చూస్తుంటారు.

బయటివాళ్ళకి ఇది వింతగా ఉంటుందేమో గానీ, మన వైపు ఇది కొత్తేమీ కాదు. పెంటల హరికృష్ణ గుంటూరులో పుట్టాడు, 2001లోనే గ్రాండ్‌మాస్టర్, 2004లో వరల్డ్ జూనియర్ చాంపియన్. ద్రోణవల్లి హారికదీ గుంటూరే. కోనేరు హంపి గుడివాడలో పుట్టింది. 2002లో గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు తనకి పదిహేనేళ్ళు. వరల్డ్ రాపిడ్ టైటిల్ 2019లో ఒకసారి, మళ్ళీ 2024లో ఇంకోసారి కొట్టింది. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఒక తరం అమ్మానాన్నలు ఆ పేర్లు చూసే పిల్లల్ని బోర్డు ముందు కూర్చోబెట్టారు. అందుకే టోర్నమెంట్‌కి వెళ్ళే పెద్దవాళ్ళకి ఎవరంటే భయమో తెలుసా? గడ్డం మనిషి కాదు, రెండు జడల పిల్ల.

మొదటి రెండు రౌండ్లు ఓడిపోయా. వాటి గురించి చెప్పడానికేం లేదు. మొదటి దాంట్లో మంత్రిని ఊరికే ఇచ్చేశా. రెండో దాంట్లో గడియారం నొక్కడం మర్చిపోయి, నా టైమ్ పోతుంటే ఎదుటాయన ఆలోచిస్తున్నాడనుకుని దర్జాగా కూర్చున్నా. (నవ్వు) నిజం అండీ. పన్నెండు నిమిషాలు.

మూడో రౌండ్ శనివారం సాయంత్రం. నాకు సున్నా పాయింట్లు. స్విస్ పద్ధతి కాబట్టి సున్నా ఉన్నవాళ్ళకి సున్నా ఉన్నవాళ్ళనే వేస్తారు. వచ్చి కూర్చుంది. పదేళ్ళుంటాయేమో. రేటింగ్ నాకు లేదు, తనకుంది. తన పెన్ను మూత మీద చిన్న పాండా బొమ్మ. కూర్చోగానే తన వైపు పావులన్నీ ఒక్కొక్కటీ గడి మధ్యకి జరుపుకుంది, గుర్రాలు రెండూ ఒకే వైపు చూసేట్టు తిప్పింది. తర్వాత చెయ్యి ముందుకు చాపి, "ఆల్ ది బెస్ట్ అంకుల్" అంది.

అంకుల్! నాకు 26 ఏళ్ళు.

నాకు తెల్లపావులు. రాజు ముందు బంటు రెండు గళ్ళు. తనూ అదే. నా గుర్రం బయటికి, తన గుర్రం బయటికి. నా శకటు సీ4కి వచ్చింది, తన శకటు సీ5కి వచ్చింది. దీన్ని ఇటాలియన్ అంటారు. ఇద్దరూ ఇట్లా శకటులు దింపితే జ్వోకో పియానో. ఇటాలియన్‌లో ఆ మాటకి 'మెల్లగా సాగే ఆట' అని అర్థం. పేరు అట్లా ఉంది గానీ, అందులో పాత వరస పట్టుకుంటే మెల్లగా ఏం ఉండదు. 400 ఏళ్ళ కిందట, 1620ల్లో, గ్రెకో అని ఇటలీ దక్షిణాన కలాబ్రియా నుంచి వచ్చిన ఆటగాడు ఒకాయన చేతిరాత పుస్తకాల్లో గేములు రాసి పెట్టాడు. అందులో ఈ ఓపెనింగ్‌లో ఒక ఉచ్చు ఉంది. ఆ ఉచ్చు నేను ఒక రీల్‌లో చూశా. 40 సెకన్ల రీల్. దాంతో ఫోన్‌లో ఎన్ని గేములు గెలిచానో లెక్కలేదు.

ఉచ్చు ఎట్లా పనిచేస్తుందంటే: మధ్యలోకి బంట్లు తోస్తావు. వాళ్ళు శకటుతో చెక్ ఇస్తారు. నువ్వు గుర్రం అడ్డం పెట్టి, ఈ4 బంటుని కావాలనే వదిలేస్తావు. వాళ్ళు గుర్రంతో ఆ బంటు తింటారు. నువ్వేం పట్టించుకోనట్టు కోట కట్టుకుంటావు. ఇక వాళ్ళకి ఆశ. గుర్రంతో గుర్రాన్ని తింటారు, శకటుతో ఇంకో బంటు తింటారు, నువ్వు మంత్రిని బీ3లో పెడితే మూలనున్న ఏనుగుని కూడా తింటారు. అప్పటికి వాళ్ళ కడుపు నిండిపోయి ఉంటుంది, వాళ్ళ రాజు మాత్రం నడిమధ్యలో ఒంటరిగా ఉంటాడు. అప్పుడు మొదలుపెడతావు.

ఏడు ఎత్తుల దాకా రీల్‌లో ఉన్నట్టే వచ్చింది. ఈ4 బంటు తినేసింది. నేను కోట కట్టాను. లోపల గుండె దడదడ. తినమ్మా, గుర్రంతో తిను.

తను ఆలోచించింది. నాలుగు నిమిషాలు. గుర్రంతో తినలేదు. శకటుతో తినేసింది.

ఆ ఎత్తు నా రీల్‌లో లేదు! 40 సెకన్లలో పట్టలేదు పాపం. ఎదురుగా నా గుర్రం పోయింది కాబట్టి బుద్ధిగా బంటుతో ఆ శకటుని తినేశా. అందరూ అదే తింటారు కదా అనుకున్నా. తను వెంటనే బంటుని డీ5కి తోసింది. నా శకటు మీద దాడి, తన గుర్రానికి కాపలా, రెండూ ఒకే ఎత్తులో. ఒక బంటు తక్కువతో, ఏ దాడీ లేకుండా కూర్చున్నా. గ్రెకో తాత పాఠం అక్కడితో అయిపోయింది.

మధ్య ఆట తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే అది రెండు గంటల బాధ. శకటులు పోయాయి, గుర్రాలు పోయాయి, మంత్రులు పోయారు. తను ఏ తొందరా లేకుండా ఒక్కోటీ మార్చుకుంటూ వచ్చింది. మధ్యలో ఒకసారి టేబుల్ కింద కాళ్ళు ఊపుతుంటే నా మోకాలికి తగిలింది, సారీ చెప్పింది. చివరికి మిగిలింది: నాకు రాజు, ఏనుగు. తనకి రాజు, ఏనుగు, ఒక బంటు. ఆ బంటు ఏ2 దాకా వచ్చేసింది. ఇంకొక్క గడి వెళ్తే మంత్రి.

ఇక్కడ కొంచెం బొమ్మ ఊహించుకోండి. తన బంటు ఏ2లో, దాని ముందు ఏ1 గడిలో తన సొంత ఏనుగే అడ్డంగా ఉంది. నా ఏనుగు దూరంగా ఏ8 నుంచి ఆ బంటుని వెనక నుంచి చూస్తోంది. తన ఏనుగు పక్కకి జరిగితే నేను బంటు తినేస్తా. జరక్కపోతే బంటు ముందుకు పోలేదు. మరి నేను ఏం చేయాలి? ఏమీ చేయకూడదు. నా రాజుని జీ2, హెచ్2, ఈ రెండు గళ్ళలోనే అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. బంటు వైపు పోదామని ఎఫ్2కి వెళ్తే చచ్చిపోయినట్టే. తన ఏనుగు హెచ్1కి దూకుతుంది, నేను ఆశగా బంటు తింటే హెచ్2 నుంచి రాజుకి చెక్, రాజు పక్కకి తప్పుకుంటే వెనకున్న నా ఏనుగు గోవిందా. ఇది నాకు తెలుసు. అందుకని తిప్పుతున్నా. జీ2, హెచ్2. జీ2, హెచ్2. నాకు రెండు నిమిషాలు కూడా లేదు. ప్రతి ఎత్తుకీ వచ్చే 30 సెకన్ల మీద బతుకుతున్నా, ప్రతి ఎత్తూ పేపర్ మీద రాయాలి కూడా.

ఈలోగా తన రాజు మెల్లగా నడుచుకుంటూ వస్తోంది. ఈ4, డీ4, సీ4, బీ4. తర్వాత బీ3. బీ3కి రాగానే లెక్క మారిపోయింది. ఇప్పుడు ఆ బంటుకి రాజు కాపలా. తన ఏనుగు ఇక స్వేచ్ఛగా పక్కకి తప్పుకోవచ్చు. కాబట్టి నేను ఈ ఒక్క ఎత్తు మాత్రం రాజుని తిప్పకూడదు. ఏనుగుతో బీ8 నుంచి చెక్ ఇవ్వాలి, ఇస్తూనే ఉండాలి. బంటుని వదలకుండా తన రాజుకి దాక్కునే చోటు లేదు. డ్రా.

నా చెయ్యి రాజు మీదకి పోయింది.

అలవాటండీ. ఆరేడు ఎత్తులుగా అదే చేస్తున్నా కదా. రెండు వేళ్ళతో పట్టుకున్నా, కొంచెం లేపా కూడా. అప్పుడు కనపడింది, తన రాజు బీ3లో. వదిలేశా. వదిలేసి, ఏనుగు తీసి బీ8లో పెట్టి, చెక్ అని, గడియారం నొక్కా. మొత్తం కలిపి రెండు సెకన్లు ఉంటుందేమో.

తను నా మొహం వంక చూసింది. "అంకుల్, మీరు రాజుని ముట్టుకున్నారు."

నేనేం మాట్లాడలేదు. తను ఏ పావూ ముట్టుకోకుండా గడియారం ఆపి, చెయ్యి ఎత్తింది. పద్ధతి అదే. ఎదుటివాళ్ళు ముట్టుకున్నారని చెప్పాలంటే మనం మన పావు ముట్టుకోకముందే చెప్పాలి, ముట్టుకుంటే ఆ హక్కు పోతుంది. పదేళ్ళ పిల్లకి అది తెలుసు. ఆర్బిటర్ గారు వచ్చారు. తను చెప్పింది. ఆయన నా వైపు తిరిగారు.

"ముట్టుకున్నారా అండీ?"

"సర్దాను సార్. గడి మధ్యకి."

"ముందు ఎడ్జస్ట్ అని చెప్పారా?"

"చెప్పా సార్. మెల్లగా అన్నా, వినపడలేదేమో."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! నేను అనలేదు. నా నోట్లోంచి ఎడ్జస్ట్ అనే మాటే రాలేదు. ఆయన పక్క బోర్డు వాళ్ళని అడిగారు. వాళ్ళు వాళ్ళ గేమ్‌లో ఉన్నారు, చూడలేదన్నారు. ఆయనకి మాత్రం ఏం చేయడానికుంది? సాక్ష్యం లేదు. ఒకవైపు పెద్ద మనిషి, ఒకవైపు చిన్నపిల్ల. గేమ్ కంటిన్యూ చేయండి అని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత పది, పన్నెండు ఎత్తులు. నేను చెక్, తన రాజు పక్కకి. నేను చెక్, తను పక్కకి. చివరికి తనే డ్రా అంది. చెయ్యి కలిపాం. ఇద్దరం పేపర్ల మీద సంతకాలు చేశాం. నా జీవితంలో టోర్నమెంట్‌లో వచ్చిన మొదటి అర పాయింటు. కొత్తవాడికి మొదటి టోర్నమెంట్‌లో సున్నా వస్తే అది రేటింగ్ లెక్కలోకే రాదు. అర పాయింటు వస్తే వస్తుంది. ఆ క్షణంలో నేను అది కూడా లెక్కేసుకున్నా. దాచి ఏం లాభం.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 1994లో స్పెయిన్‌లో లినారెస్ టోర్నమెంట్. కాస్పరోవ్, అప్పటికి ప్రపంచంలో ఆయన్ని మించినవాడు లేడు. ఎదురుగా హంగరీ అమ్మాయి యూదిత్ పోల్గార్, 17 ఏళ్ళు. కాస్పరోవ్ ఒక గుర్రాన్ని ఒక గడిలో పెట్టి, వేళ్ళు వదిలి, అది తప్పు ఎత్తని గమనించి మళ్ళీ తీసి వేరే గడిలో పెట్టాడు. పోల్గార్ చూసింది గానీ ఫిర్యాదు చేయలేదు. అంత పెద్ద టోర్నమెంట్‌కి మొదటిసారి పిలిచారు, గొడవ ఎందుకని, పైగా టైమ్ తక్కువుంది, ఫిర్యాదు నిలబడకపోతే గడియారంలో నష్టపోతానేమోనని భయపడ్డానని తర్వాత చెప్పింది. గేమ్ కాస్పరోవ్ గెలిచాడు. అక్కడ టీవీ కెమెరా ఉంది. వీడియోలో చూస్తే సెకనులో నాలుగో వంతు సేపు వేళ్ళు గుర్రాన్ని వదిలేశాయి. 2002లో మాస్కోలో రాపిడ్ గేమ్‌లో పోల్గార్ ఆయన్ని ఓడించింది, అది వేరే కథ. నేను ఆ రాత్రి రూమ్‌లో పడుకుని ఆ క్లిప్ ఎన్నిసార్లు చూశానో. ఆయనది ముట్టుకుని వదలడం, నాది ముట్టుకుని అబద్ధం చెప్పడం. ఆయన్ని ఆర్బిటర్ అసలు అడగనే లేదు. నన్ను అడిగారు. అందులో తేడా ఉందండీ.

ఫోన్‌లో ఇంజిన్‌కి ఆ పొజిషన్ ఇచ్చా. నేను రాజుని కదిపి ఉంటే తన ఏనుగు బీ1కి వస్తుంది. అంతే, నల్లవాళ్ళు గెలుపు. వేరే మాట లేదు.

ఆదివారం పొద్దున ఆర్బిటర్ గారి దగ్గరికి వెళ్ళి చెప్పేద్దామని నిర్ణయించుకునే వెళ్ళా. టేబుల్ దగ్గర ఆయన ఒక్కరే ఉన్నారు కూడా. వెళ్ళి, "సార్, నాలుగో రౌండ్ ఏ బోర్డు?" అని అడిగి వచ్చేశా. పెయిరింగ్ అప్పటికే నా ఫోన్‌లో ఉంది.

నాలుగో రౌండ్ ఓడా. ఐదూ ఓడా. సాయంత్రం బహుమతులు. స్టేజీ మీద అదే పెళ్ళి పూల ఫ్రేమ్ ముందు కప్పులు. పదకొండేళ్ళలోపు అమ్మాయిలు, మొదటి బహుమతి... వేరే పేరు పిలిచారు. ఇద్దరికీ రెండున్నర పాయింట్లు, టై బ్రేక్‌లో ఆ అమ్మాయికి వచ్చింది. మా పాండా పెన్ను పాప చివరి రెండు రౌండ్లూ గెలిచిందట. నాతో కూడా గెలిచి ఉంటే మూడు. సరే, మూడో రౌండ్ గెలిస్తే తర్వాత పెయిరింగ్‌లు మారేవి, ఎవరు ఎవరితో పడేవాళ్ళో, అదీ నిజమే. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నా. మెడల్ వేసుకుని కిందకి వచ్చింది. ఏడవలేదు. మెడల్ తిప్పి వెనక ఏం రాసుందో చూస్తోంది.

ఆర్బిటర్ గారి దగ్గరికి వెళ్ళి చెప్పా. ముట్టుకున్నాను సార్, ఎడ్జస్ట్ అనలేదు, అబద్ధం చెప్పాను. ఆయన ఫైళ్ళు సర్దుకుంటున్నారు. చాలాసేపు మాట్లాడలేదు. "ఇది నిన్న సాయంత్రం చెప్పాల్సిన మాట బాబూ. ఇద్దరూ సంతకాలు పెట్టారు. రెండు రౌండ్లు అయిపోయాయి, కప్పులిచ్చేశాం. ఇప్పుడు నేనేం మార్చను?" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బావుండేది. "ఆ పాపకి చెప్పారా?" అని అడిగారు. లేదన్నా. "మరి నా దగ్గరికెందుకు ముందొచ్చారు?"

దానికి నా దగ్గర జవాబు లేదు.

బయట గేటు దగ్గర తండ్రీకూతుళ్ళు ఆటో కోసం నిలబడ్డారు. వాళ్ళది గుంటూరట. ఆయన మిర్చి యార్డులో గుమస్తా. శనివారం తెల్లవారుజామున బస్సెక్కి వచ్చారు, రాత్రి ఇక్కడే ఎవరో చుట్టాల ఇంట్లో ఉన్నారు. నేను వెళ్ళి ఆయనకి నమస్కారం పెట్టి, పాప వైపు తిరిగి చెప్పా. "నిన్న నువ్వు చెప్పింది నిజమే అమ్మా. నేను రాజుని ముట్టుకున్నాను. సార్‌కి అబద్ధం చెప్పాను."

ఆయన నన్ను చూళ్ళేదు. కూతుర్ని చూశారు.

తర్వాత నాతో అన్నారు, గట్టిగా కూడా కాదు, మామూలుగా. "నిన్న రాత్రి నేను దీన్ని కోప్పడ్డానండీ. పెద్దవాళ్ళ మీద చూడకుండా అట్లా చెప్పొచ్చా, సార్‌ని పిలవొచ్చా అని. మొదట చూశానని అంది. నేను అరిచేసరికి, నాకే అట్లా కనపడిందేమో నాన్నా అంది. అన్నం కూడా సరిగ్గా తినలేదు."

నేను అర పాయింటు గురించి, కప్పు గురించి ఆలోచిస్తూ వచ్చా. ఇది నాకు తట్టనే లేదు. ఒక పిల్ల తన కళ్ళతో చూసింది తప్పేమో అని ఒక రాత్రంతా అనుకుంది. నా మూలంగా.

ఆయన వంగి, పాప బ్యాగు తన భుజాన వేసుకుంటూ, "సారీ రా తల్లీ" అన్నారు. నేను చెప్పాల్సిన మాట ఆయన చెప్పారు. తర్వాత నేనూ చెప్పా, కానీ అప్పటికే రెండోదైపోయింది.

పాప మాత్రం వాళ్ళ నాన్నతో, "నేను చెప్పాగా నాన్నా, రాజు గడిలో పక్కకి ఉంది అని. సర్దితే మధ్యలో ఉండాలి కదా" అంది. అవునండీ! నేను గాభరాగా వదిలేసినప్పుడు రాజు గడి గీత మీదకి జరిగిపోయింది. గడి మధ్యకి సర్దానని చెప్పిన పావు, గడి మధ్యలో లేదు. ఆర్బిటర్ చూడలేదు, నేను చూడలేదు. కూర్చోగానే తన పావులన్నీ గడి మధ్యకి జరుపుకున్న పిల్ల చూసింది. ఆ సమయానికి సార్‌కి చెప్పడం తట్టలేదట, రాత్రి పడుకున్నాక తట్టిందట.

ఆటో వచ్చింది. అద్దంకి బస్టాండుకి బేరం ఆడుతున్నారు ఆయన. నేను డబ్బులిస్తానని అనబోయి ఆగిపోయా, అది ఎంత చెడ్డగా ఉంటుందో అప్పటికైనా అర్థమైంది. పాప ఆటో ఎక్కి, మళ్ళీ తల బయటికి పెట్టింది.

"అంకుల్, తొమ్మిదో ఎత్తులో బంటుతో శకటుని తినకూడదు. డీ5 ఆడాలి. నా గుర్రం మీదకి తోసెయ్యాలి. అప్పుడు నాకు కష్టం అయ్యేది."

ఆటో వెళ్ళిపోయింది. రూమ్‌కి వచ్చి చూశా. నిజమే. శకటుని తినకుండా డీ5. దాన్ని మోలర్ ఎటాక్ అంటారు, డెన్మార్క్ ఆటగాడు మోలర్ పేరు మీద. పుస్తకాల్లో అసలు దారి అదే. నా రీల్ ఎక్కడ ఆగిపోయిందో సరిగ్గా ఆ తర్వాత ఎత్తు.

ఆ గేమ్ పేపర్ నా దగ్గరే ఉంది, కార్బన్ కాపీ. ఇదిగో, కెమెరాకి చూపిస్తున్నా, పేర్లు చెయ్యి అడ్డం పెట్టి. ఇక్కడ చూడండి, 61వ ఎత్తు. ఆర్‌బీ8 చెక్ అని నేను రాసింది. దాని పక్కన ఎర్ర పెన్నుతో ఇప్పుడు రాశా: రాజు. వచ్చే నెల గుంటూరులో ఒక ఓపెన్ ఉంది, పేరు ఇచ్చా. ఇంట్లో ప్లాస్టిక్ బోర్డు కొనుక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆలోచించడం ప్రాక్టీస్ చేస్తున్నా. నవ్వకండి, చాలా కష్టం అది.

సరే, ఇవాళ్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో మోలర్ ఎటాక్ బోర్డు మీద పెట్టి మొత్తం చూపిస్తా. ఉంటానండీ.